చర్చిలోని పాత రంగు అద్దాల కిటికీని కాపాడుకోవడానికి నిధులు ఎలా సేకరించాలి?

ఒంగోలుకు దగ్గరలో ఉన్న మా చర్చి తూర్పు గోడకు మంచి కాపరి కిటికీ ఉంది, గొర్రెపిల్లను భుజాన మోస్తున్న యేసు బొమ్మతో. ఆదివారం తొలి ఆరాధన మొదలయ్యే వేళకు సూర్యుడు సరిగ్గా కాపరి భుజం మీది గొర్రెపిల్ల వెనక్కి వస్తాడు. ముందు వరుసలో తెల్ల చీరలు కట్టుకుని కూర్చున్న పెద్దమ్మల ఒళ్లో తెరిచి ఉన్న బైబిళ్ల మీద కాసేపు ఎరుపూ నీలమూ పరుచుకుంటాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వెళ్లిపోయాక తలుపులు తీసి చూస్తే ఆ కిటికీ కింది భాగం లోపలికి పొట్టలా ఉబ్బి ఉంది. మూడు గాజు ముక్కలు నేల మీద పడి ఉన్నాయి.

ఆ తర్వాత వేసుకున్న నిధుల కమిటీలో నేను కోశాధికారిని. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మిషనరీల కాలపు చర్చిలు చాలా ఉన్నాయి. వాటిలో రంగు అద్దాలు మిగిలి ఉన్నచోట ఎవరో ఒకరు ఇదే పని నెత్తిన వేసుకోక తప్పదు. మీది కతీడ్రల్ అయినా, పల్లెలోని చిన్న చర్చి అయినా దారి దాదాపు ఒక్కటే. అందుకే రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. డబ్బు అడగడం మొదటి మెట్టు కాదు. కిటికీకి ఏం జబ్బు చేసిందో, ఏ ముక్కకు ఏం వైద్యం కావాలో కాగితం మీద ఉండాలి. అది లేకుండా "కిటికీ పాడైంది, సాయం చేయండి" అంటే మొదటి నెల మొహమాటానికి ఇస్తారు, రెండో నెల ముఖం చాటేస్తారు.

ముందు కిటికీని చదవండి

ఒక నోటు పుస్తకం, ఫోను, బైనాక్యులర్ ఉంటే అది కూడా తీసుకుని వెళ్లండి. నిచ్చెన వేసి ఎక్కకండి, చేత్తో ముట్టుకోకండి. చాలా గాజు ముక్కలు కలిసి ఒక్కో పలక అవుతుంది, అలాంటి పలకలు కలిసి కిటికీ అవుతుంది. ఆ పలకలకు పేర్లు పెట్టుకోండి: కింది వరుస 1, దాని పైది 2, ఎడమ నుంచి అ, ఆ, ఇ. ఇక మీదట ఉత్తరాల్లో, రసీదుల్లో, అంచనాల్లో "2ఆ" అంటే అందరికీ ఒకే పలక గుర్తుకు రావాలి. ఈ చిన్న ఏర్పాటు తర్వాత మీకు ఎంత గొడవ తప్పిస్తుందో చెప్పలేను.

ప్రతి పలకకూ రెండు ఫొటోలు తీయండి. ఒకటి లోపలి నుంచి, వెలుతురు గాజులోంచి వస్తున్నప్పుడు. రంగు, పగుళ్లు, చిత్రపు గీతలు అందులో తెలుస్తాయి. రెండోది గాజు మీద వెలుతురు పడుతున్నప్పుడు. ఉబ్బు, తుప్పు, దుమ్ము, సీసం పట్టీల స్థితి ఇందులో తెలుస్తాయి. ఒకటి చూసి రెండోది వదిలేస్తే సగం జబ్బు కనిపించదు.

ఏం చూడాలంటే, ముందు సీసం పట్టీలు. రంగు గాజు ముక్కలను కలిపి పట్టుకునేది ఆ పట్టీలే. అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లిషు హెచ్ అక్షరంలా ఉంటాయి, రెండు పక్కల గాడిలో గాజు కూర్చుంటుంది. ఎండకు సాగి, రాత్రికి ముడుచుకుని, దశాబ్దాల తరబడి ఇదే పని చేసి సీసం అలసిపోతుంది. టంకం వేసిన అతుకుల పక్కన చీలుతుంది. పట్టీ మీద తెల్లని పొడి కనిపిస్తే అది సీసం చెడిన గుర్తు. అది విషం, పిల్లలను దగ్గరికి రానివ్వకండి. పట్టీకీ గాజుకూ మధ్య లప్పం రాలిపోతే అంచుల వెంట సూదిమొనల్లాంటి వెలుతురు చుక్కలు కనిపిస్తాయి. అక్కడి నుంచే వాన లోపలికి వస్తుంది.

తర్వాత ఇనుప కమ్మీలు. కిటికీకి అడ్డంగా గోడలోకి దిగిన ఈ కమ్మీలకు పలకలను రాగి తీగలతో కట్టి ఉంచుతారు. మన దగ్గర సముద్రపు గాలి ఉప్పును మోసుకొస్తుంది. ఇనుము తుప్పు పట్టి లావెక్కుతుంది, కమ్మీ దిగిన చోట రాయిని పగలగొడుతుంది. రాగి కట్లు తెగితే పలక బరువు మొత్తం కింది పలక మీద పడి పొట్ట ముందుకు వస్తుంది. మా కిటికీలో జరిగింది ఇదే. తుఫాను చివరి దెబ్బ మాత్రమే కొట్టింది, కట్లు ఎప్పుడో తెగి ఉన్నాయి.

అన్నిటికంటే సున్నితమైనది చిత్రకారుడు వేసిన గీత. ముఖం, వేళ్లు, ఉన్ని, ఆకుల ఈనెలు ఇవన్నీ గాజు రంగులోనే ఉండవు. లోహపు భస్మాన్ని మెత్తని గాజు పొడిలో కలిపి, కుంచెతో గీసి, బట్టీలో కాల్చి గాజుకు అంటిస్తారు. బట్టీలో వేడి చాలకపోయి ఉంటే ఆ గీత తడిగుడ్డకే పోతుంది. మా గొర్రెపిల్ల ఎడమ కంట్లో ఆవగింజంత నల్లచుక్క ఉంది. కుడి కంట్లో లేదు. ఎప్పుడో ఒక క్రిస్మస్‌కు ఎవరో భక్తితో శుభ్రంగా తుడిచారు. ఆ చుక్క గుడ్డకు అంటుకుపోయింది.

కాబట్టి ఈ పనులు ఎవరు చేస్తామన్నా ఆపండి: యాసిడ్, అమోనియా ఉన్న అద్దాల క్లీనర్, సబ్బు నీళ్లు, పీచు, గుడ్డ. పగుళ్లలో తెల్ల సిమెంటు, ఎం సీల్. ఊడిన ముక్క బదులు గ్లాసు దుకాణం నుంచి తెచ్చిన రంగు గాజు. మా చర్చిలో చాలా ఏళ్ల క్రితం మంచి మనసుతోనే ఒకరు పగుళ్లకు సిమెంటు మెత్తించారు. సిమెంటు బిగిసి గాజును కదలనివ్వలేదు, పగుళ్లు రెట్టింపయ్యాయి. చివరికి ఆ సిమెంటును తీయడానికి అయిన పని అసలు మరమ్మతు కంటే ఎక్కువ. రాలిన గాజు ముక్క వేలిగోరంత ఉన్నా పారేయకండి. మెత్తని కాగితంలో చుట్టి, ఏ పలక కింద దొరికిందో, ఏ తేదీన దొరికిందో రాసి ఒక పెట్టెలో ఉంచండి.

కిటికీ చరిత్ర వెతకండి

కిటికీ కింది మూలల్లో తయారు చేసిన సంస్థ పేరో గుర్తో ఉండవచ్చు. ఎవరి జ్ఞాపకార్థం ఇచ్చారో ఒక వరుస ఉంటుంది. ఆ పేరు పట్టుకుని పాత మినిట్సు పుస్తకాలు, బాప్తిస్మ రిజిస్టర్లు తిరగేయండి. మీది అమెరికన్ బాప్టిస్టు మిషను కట్టిన చర్చి అయితే ఆ మిషను పాత కాగితాలు అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్ట్ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి. మర్యాదగా ఒక ఈమెయిలు రాయండి. కథోలిక విచారణ (పారిష్) అయితే మేత్రాసన కార్యాలయంలో, అంటే బిషప్ గారి కార్యాలయంలో, అడగండి. నెల్లూరు మేత్రాసనం 1928లో ఏర్పడింది, అంతకుముందు ఈ ప్రాంతం మద్రాసు కింద ఉండేది. కాబట్టి పాత కాగితాలు అక్కడ దొరకవచ్చు.

ఇది కాలక్షేపం పని కాదు. దాత అడిగే మొదటి ప్రశ్న "ఇది ఎందుకు అంత ముఖ్యం?" అన్నది. దానికి జవాబు మన నేలలోనే ఉంది. నెల్లూరులో బాప్టిస్టు మిషను 1840లో మొదలైంది. ఆ మిషను తరఫున మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చారు. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ కాలువ తవ్విన చేతుల మనవలూ మునిమనవలూ ఈ బల్లల మీద కూర్చుంటున్నారు. మీ కిటికీ కథను అలాంటి ఊరి కథతో ముడి వేసి రాయండి. కానీ రుజువు లేనిది ఒక్క వాక్యం కూడా కలపవద్దు. "200 ఏళ్ల నాటిది" అని గొప్పకు రాసి, తర్వాత ఎవరో తేదీ చూపిస్తే మిగతా లెక్కలన్నీ కూడా అబద్ధమే అనుకుంటారు.

నిపుణుల నివేదిక

గాజు బిగించేవారు వేరు, పాత గాజును సంరక్షించేవారు వేరు. మన దేశంలో ఈ రెండో రకం వారు చాలా తక్కువ. వారసత్వ సంపదను కాపాడడానికి 1984లో ఏర్పడిన ఇన్‌టాక్ సంస్థను సంప్రదిస్తే దారి చూపుతారు. ముంబయిలో రాజాబాయి టవరు, విశ్వవిద్యాలయ గ్రంథాలయం రంగు అద్దాలకు ఇలాంటి సంరక్షణ జరిగింది, దానికి టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ నిధులిచ్చింది. మన తెలుగువారికి దగ్గరి ఉదాహరణ కావాలంటే మెదక్ చర్చి ఉంది. జననం, సిలువ, ఆరోహణం చూపే ఆ మూడు కిటికీలను చూడడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. కమిటీ సభ్యులను ఒకసారి తీసుకెళ్లి చూపించండి. ఎందుకింత శ్రమ అని గొణిగేవారు ఆ వెలుతురులో నిలబడ్డాక ఇంకో మాట అనరు.

నిపుణులను పిలిచి సర్వే చేయించడానికే కొంత ఖర్చవుతుంది. ప్రయాణం, బస, పరంజా, నివేదిక ఫీజు. ఈ మొదటి డబ్బు బయటివారిని అడగకండి, సంఘం లోపలే పోగుచేయండి. మీ సొంత డబ్బుతో చేయించిన నివేదిక చేతిలో పట్టుకుని వెళితే బయటివారు మీ మాటను వేరుగా వింటారు.

నివేదికలో పనిని మూడు ముక్కలుగా విడదీయమని అడగండి. వెంటనే చేయకపోతే పడిపోయేవి, ఏడాది రెండేళ్లలో చేయవలసినవి, ఆపై కిటికీ బయట వేసే రక్షణ గాజు. అంచనాలో పరంజా, పలకలు విప్పడం, పెట్టెల్లో రవాణా, వర్క్‌షాపు పని, సామగ్రి, తిరిగి బిగించడం, పన్నులు వేరువేరుగా ఉండాలి. పలకలు వెళ్లిన తర్వాత ఖాళీ కిటికీని వాన నుంచి కాపాడే తాత్కాలిక మూత ఖర్చు చాలామంది మర్చిపోతారు. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు వస్తాయి, అది లేకుండా కుదరదు.

రక్షణ గాజు గురించి ఒక హెచ్చరిక. గాలి ఆడకుండా ప్లాస్టిక్ రేకు బిగిస్తే లోపల వేడి, తేమ పేరుకుని సీసం ఇంకా త్వరగా చెడుతుంది. మధ్యలో ఖాళీ ఉండాలి, కిందా పైనా గాలి తిరగాలి. చౌకగా అవుతుందని ఎవరైనా రేకు బిగిస్తామంటే ఒప్పుకోకండి.

తొందరపడేవారికి ఈ సంగతి చెప్పండి. ఇంగ్లండులోని యార్క్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి తూర్పు కిటికీని 1405–1408 మధ్య జాన్ థోర్న్‌టన్ చేశారు. అందులోని 311 పలకలను విప్పి, బాగుచేసి, తిరిగి పెట్టేసరికి పదేళ్లు పట్టింది. 2018లో చివరి పలక ఎక్కింది. మన కిటికీ చిన్నదే కానీ పద్ధతి అదే.

అనుమతి, ఖాతా, సంతకాలు

చర్చి ఆస్తి పత్రాలు ఎవరి పేర ఉన్నాయో చూడండి. మేత్రాసనమో, డయోసీసో, ట్రస్టో, ఎవరైతే యజమానో వారి లిఖిత అనుమతి లేకుండా ఒక్క రూపాయి వసూలు చేయవద్దు. కట్టడం ప్రభుత్వ రక్షిత కట్టడాల జాబితాలో ఉంటే పురావస్తు శాఖ అనుమతి కూడా కావాలి.

కిటికీ కోసం వేరే బ్యాంకు ఖాతా తెరవండి, లేదా సంఘం ఖాతాలోనే వేరే పద్దు పెట్టించండి. చెక్కు మీద కనీసం ఇద్దరి సంతకం. ఆ ఇద్దరూ ఒకే కుటుంబం వారు కాకూడదు. ఈ నియమం పెట్టినప్పుడు మా దగ్గర ఒకరిద్దరు నొచ్చుకున్నారు. నొచ్చుకున్నా పెట్టండి.

పన్ను, విదేశీ డబ్బు: ఇక్కడ పొరపాటు చేయవద్దు

దాతలు అడిగే రెండో ప్రశ్న "పన్ను రాయితీ వస్తుందా?" అన్నది. నోటికి వచ్చినట్టు "వస్తుంది" అనకండి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో విరాళాలకు రాయితీ ఇచ్చే సెక్షన్ 80జీ. ఒకే మతం కోసం నడిచే సంస్థలకు సాధారణంగా 80జీ గుర్తింపు రాదు. అయితే అదే సెక్షన్‌లో ఇంకో దారి ఉంది. చారిత్రక, పురావస్తు లేదా కళాపరమైన ప్రాముఖ్యం ఉన్న గుడి, మసీదు, గురుద్వారా, చర్చి అని కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేస్తే, దాని మరమ్మతుకు ఇచ్చిన విరాళంలో సగానికి, పరిమితికి లోబడి, రాయితీ ఉంటుంది. మీ కిటికీ చరిత్ర, నిపుణుల నివేదిక ఆ దరఖాస్తుకు ప్రాణం. ఇందుకు సమయం పడుతుంది కాబట్టి మొదటి నెలలోనే ఆడిటర్ గారితో కూర్చోండి. రాయితీ దొరికినా 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే అది వర్తించదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న దాతకు కూడా వర్తించదు. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు, సెక్షన్ల అంకెలు మారాయి. రసీదు మీద ఏ అంకె వేయాలో ఆడిటర్‌నే అడగండి. ఒకే వ్యక్తి నుంచి రెండు లక్షలు, అంతకు మించి నగదు ఎట్టి పరిస్థితిలోనూ తీసుకోకండి.

ఇక అమెరికాలోని పిల్లలు. మన రెండు జిల్లాల్లో ప్రతి సంఘానికీ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఒక గుంపు ఉంటుంది. వారు ఫోను చేసి "అంకుల్, అకౌంట్ నంబర్ పంపండి" అంటారు. నంబరు పంపే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "నాయనా, నీ పాస్‌పోర్టు ఏ దేశానిది?" భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు నకలు ఒకటి తీసి ఫైల్లో పెట్టండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీయులే. వారి డబ్బు తీసుకోవాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదైనా ఉండాలి, ఆ ఒక్క విరాళానికి ముందస్తు అనుమతైనా ఉండాలి. ఆ డబ్బు మొదట ఢిల్లీలో స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ప్రత్యేక ఖాతాకే రావాలి. నమోదు ఉన్న ఇంకో సంస్థ తీసుకుని మీకు బదిలీ చేయడం 2020 సవరణ తర్వాత కుదరదు. ఆ సంస్థే పని చేయించి నేరుగా ఖర్చు పెట్టాలి. "ఇంత చిన్న మొత్తానికి ఎవరు చూస్తారు?" అనే సలహా మీకూ వస్తుంది. దానికి తల ఊపితే సంఘం మొత్తం చిక్కుల్లో పడుతుంది.

ఎవరి దగ్గరికి, ఏ క్రమంలో

మొదట ఆదివారం బల్లల మీద కూర్చునేవారు. తర్వాత ఊరు విడిచి హైదరాబాదు, చెన్నై, బెంగళూరు వెళ్లినవారు. ఆపై మిషను బడిలో చదివినవారు, మిషను ఆసుపత్రిలో పుట్టినవారు. ఈ మూడో వర్గాన్ని మేము ఆలస్యంగా గుర్తించాం. వారిలో చాలామంది క్రైస్తవులు కారు. కానీ బడికి వెళ్లే రోజుల్లో ఆ కిటికీ కిందే ఆడుకున్నారు. "మా చర్చికి ఇవ్వండి" అంటే వెనకాడే మనిషి "మన ఊరి కిటికీ" అంటే కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. అది మాటల గారడీ కాదు, అది నిజంగా ఊరిదే.

వ్యాపారుల దగ్గరికి వెళ్లే వేళ చూసుకోండి. పొగాకు వేలం సాగుతున్న నెలల్లో రైతు చేతిలో, దుకాణదారు చేతిలో డబ్బు ఆడుతుంది. నెల్లూరు వైపు వరి కోతలయ్యాక వెళ్లండి. రొయ్యల ధర పడిన వారంలో చెరువుల యజమాని గుమ్మం తొక్కకండి. చీమకుర్తి గ్రానైటు, కృష్ణపట్నం వైపు పరిశ్రమలు పెద్ద మొత్తాలు ఇవ్వగలవు. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. చారిత్రక ప్రాముఖ్యం ఉన్న కట్టడాలు, కళాఖండాల పునరుద్ధరణ ఆ జాబితాలో ఉంది. అయితే ప్రార్థనా స్థలం అనగానే వారు జంకుతారు. అందుకే దరఖాస్తులో కిటికీని కళాఖండంగా, ఊరి వారసత్వంగా చూపండి. వారంలో ఒక రోజు అన్ని మతాలవారికీ తలుపులు తెరిచి ఉంచుతామని రాయండి, రాసినట్టే చేయండి. డబ్బు మీ ఖాతాలోకి రావాలంటే మీ సంస్థకు పన్ను శాఖ నమోదులు, సామాజిక బాధ్యత నిధులు అందుకోవడానికి చేయించుకునే సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి. లేకపోతే కంపెనీయే సంరక్షణ నిపుణులకు నేరుగా చెల్లించమని కోరండి.

ఎంపీ గారి నిధుల కోసం తిరిగి చెప్పులు అరగదీసుకోకండి, ఆ నిధులు ప్రార్థనా స్థలాలకు వాడకూడదన్న నిబంధన ఉంది. జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో మాత్రం చర్చిల మరమ్మతు సాయం గురించి అడగండి.

అడిగే తీరు

ఒక పేజీ విన్నపం చాలు. పైన కిటికీ ఫొటో, కింద చెడిన పలక దగ్గరి ఫొటో, మధ్యలో నాలుగు వాక్యాలు: ఇది ఏమిటి, ఏమైంది, ఎంత కావాలి, ఎప్పటికి పూర్తవుతుంది. చివర ఖాతా వివరాలు, ఇద్దరి ఫోను నంబర్లు.

మొత్తం అంచనాను పనుల వారీగా విడగొట్టి గోడకు ఒక పెద్ద పటం వేలాడదీయండి. మేము కిటికీ బొమ్మను నలుపు తెలుపులో గీయించి, డబ్బు సమకూరిన పలకకు రంగు వేస్తూ వచ్చాం. ఆదివారం బడి పిల్లలే రంగులు వేశారు. దాంతో ప్రతి ఇంట్లో భోజనాల దగ్గర "ఈ వారం 2ఆ నిండింది" అన్న మాట వినిపించింది.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. అందరూ కాపరి ముఖానికి ఇస్తామంటారు, ఇనుప కమ్మీలకు ఎవరూ ఇవ్వరు. కాబట్టి "మీరు ఎంచుకున్న పలకకు అవసరమైనంత సరిపోయాక మిగిలింది కిటికీలోని ఇతర పనులకు వాడతాం" అని విన్నపంలో, రసీదులో అచ్చు వేయించండి. మా కమ్మీల ఖర్చు చివరికి ఒక వెల్డింగు దుకాణం యజమాని ఇచ్చారు. తుప్పు పట్టని ఉక్కు ఎందుకు వాడాలో వివరిస్తే ఆయనకు అర్థమైనంత త్వరగా మాకెవరికీ అర్థం కాలేదు.

చిన్న మొత్తాలను తక్కువ చేయకండి. మన సంఘాల్లో స్త్రీలు వంట చేసేముందు పిడికెడు బియ్యం పక్కన తీసి నెలాఖరున చర్చికి తెచ్చే అలవాటు ఉంది. స్త్రీల సమాజం వారిని అడిగి ఆరు నెలల పిడికెడు బియ్యం కిటికీకి కేటాయించుకోండి. కోత పండుగ వేలంలో ఒక గంటను కిటికీ పేర పెట్టండి. గుమ్మడికాయ, నాటుకోడి, అరటి గెల ఏదైనా కిటికీ పాట అనేసరికి ధర పెరుగుతుంది. అందరికీ ఆ డబ్బు ఎటు వెళుతుందో ఎదురుగా కనిపిస్తుంటుంది.

ఇళ్లకు వెళ్లేటప్పుడు ఇద్దరు వెళ్లండి, ఒకరు మాట్లాడాలి, ఒకరు రాయాలి. ఒక సాయంత్రం మేము ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లాం. పింఛను డబ్బుతో బతికే మనిషి. అడగాలా వద్దా అని గుమ్మంలోనే తటపటాయించాం. "అమ్మా, ఊరికే పలకరిద్దామని వచ్చాం" అన్నాను.

"కిటికీ సంగతేగా నాయనా" అని ఆమె లోపలికి వెళ్లి చీర మడతలోంచి రెండు వంద నోట్లు తెచ్చారు. "నా పెళ్లినాడు ఉంగరం తొడిగేటప్పుడు ఆ గొర్రెపిల్ల మీది ఎరుపు నా చేతి మీద పడింది. మీ తాతగారు ఇంక లేరు. ఆ వెలుగైనా ఉండనివ్వండి."

రసీదు రాసి ఇచ్చాం. అలాంటి రసీదు లక్ష రూపాయల రసీదు ఎంత శ్రద్ధగా రాస్తారో అంత శ్రద్ధగా రాయండి.

దాతల పేర్లు గాజు మీదగానీ కిటికీ కింద రాతిమీదగానీ చెక్కించకండి. ఎవరి పేరు పైన, ఎవరిది కింద అన్న తగవు తరాల పాటు ఉంటుంది. ఒక మంచి రిజిస్టరు కుట్టించి, మొత్తాలు లేకుండా, అక్షర క్రమంలో అందరి పేర్లూ రాయించండి. రెండు వందలు ఇచ్చిన పెద్దావిడ, రెండు లక్షలు ఇచ్చిన యజమాని ఒకే పేజీలో ఉంటారు.

ఖర్చు చూపించడం

నెలకోసారి నోటీసు బోర్డు మీద మూడు అంకెలు: వచ్చింది, ఖర్చయింది, ఉన్నది. అదే వాట్సాప్ గ్రూపులో కూడా. పని మొదలయ్యే ముందు అత్యవసర భాగానికి కావలసిన మొత్తం పూర్తిగా ఖాతాలో ఉండాలి. సగం డబ్బుతో పలకలు విప్పి, మిగతా సగం కోసం ఏడాది పాటు కిటికీకి ప్లైవుడ్ కొట్టి ఉంచితే దాతల నమ్మకం ఆ ప్లైవుడ్‌తో పాటే పాడైపోతుంది. నిపుణులకు చెల్లింపు వాయిదాల్లో ఉండాలి. పలకలు విప్పి భద్రంగా చేర్చాక ఒకటి, సగం పని ఫొటోలతో చూపాక ఒకటి, బిగించి ఒక వానాకాలం గడిచాక చివరిది.

వర్క్‌షాపులో పని జరుగుతున్నప్పుడు ముగ్గురు నలుగురు దాతలను తీసుకెళ్లి చూపించండి. బల్ల మీద పడుకోబెట్టిన పలకను దగ్గరగా చూస్తే కింద నిలబడి ఎన్నేళ్లు చూసినా కనిపించనివి కనిపిస్తాయి. మా గొర్రెపిల్ల చెవి లోపల సన్నని ఈకలాంటి గీతలు నాలుగున్నాయి. చర్చి నేల మీద నిలబడినవారికి అవి ఎప్పటికీ కనపడవు. అయినా ఆ పనివాడు గీశాడు. ఆ ఫొటో గ్రూపులో పెట్టిన రాత్రి వచ్చినంత డబ్బు ఏ విన్నపానికీ రాలేదు. పోయిన కుడి కంటి చుక్క గురించి నిపుణులు అసలు గాజు మీద కొత్త రంగు వేయబోమన్నారు. వెనక పలుచని గాజు పలక పెట్టి దాని మీద చుక్క వేశారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయవచ్చు, పాతది పాతగానే ఉంటుంది.

బిగించిన తర్వాత

సేకరించిన మొత్తంలో కొంత, మేము పదో వంతు ఉంచాం, ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయండి. ఆ వడ్డీ నిర్వహణకే. ఈ సంగతి మొదటి విన్నపంలోనే చెప్పి ఉండాలి, తర్వాత చెబితే మిగుల్చుకున్నారంటారు.

ఏటా సెప్టెంబరులో, వాయుగుండాలు మొదలవకముందే, మళ్లీ అదే నోటు పుస్తకంతో కిటికీ ముందు నిలబడండి. రాగి కట్లు లెక్కపెట్టండి. రక్షణ గాజు కిందా పైనా గాలి దారులు పిచ్చుక గూళ్లతో మూసుకుపోయాయేమో చూడండి. అదే చోటు నుంచి, అదే వేళకు ఫొటోలు తీసి పాతవాటి పక్కన పెట్టి చూడండి. నివేదిక, ఫొటోలు, రసీదుల నకళ్లు, రాలిన ముక్కల పెట్టె జాబితా ఒక ప్రతి చర్చి బీరువాలో, ఒకటి మేత్రాసన లేదా డయోసీసు కార్యాలయంలో, ఒకటి కమిటీలోని అందరికంటే చిన్నవారి ఇంట్లో ఉంచండి. మా దగ్గర ఆ మూడో ప్రతి పటానికి రంగులు వేసిన పిల్లల్లో ఒకమ్మాయి దగ్గర ఉంది, ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. మొన్న సెప్టెంబరులో రాగి కట్లు లెక్కపెట్టింది ఆమే.